పాత డబ్బాలు.. కొత్త మచ్చలు

నేల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద ఒక్కొక్కటే వచ్చి పడుతోంది. అంచుకి దుమ్ము పట్టిన కోల్డ్ క్రీమ్ డబ్బా, మొన విరిగిన కాజల్ పెన్సిల్, ఫేర్‌వెల్ పార్టీ కోసం కొని ఆ ఒక్క సాయంత్రమే పూసుకున్న ముదురెరుపు లిప్‌స్టిక్, గోధుమ రంగుకు తిరిగిన విటమిన్ సి సీరం, చుట్టాల పెళ్లిలో ఎవరో చేతిలో పెట్టిన గిఫ్ట్ సెట్, పక్క గది అమ్మాయి వదిలేసి వెళ్లిన ఫౌండేషన్. మంచం మీద కూర్చున్న జూనియర్ అందులోంచి ఒక ట్యూబు తీసింది.

“అక్కా, ఇది పారేస్తున్నవా? ఇంకా సగముంది.”

“సగముందని మొఖానికి రాసుకుంటవా? ముందు వాసన చూడు.”

చూసింది. మొహం చిట్లించి మళ్లీ పేపరు మీదికే వదిలేసింది.

సెమిస్టర్ పరీక్షలు ముగిసి గదులు ఖాళీ చేసే రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం లేడీస్ హాస్టళ్లలో ఇలాంటి దృశ్యం ఎవరికీ కొత్త కాదు. పుస్తకాలు అట్టపెట్టెల్లోకి, బట్టలు సూట్‌కేసుల్లోకి చేరతాయి. అద్దం కింద ఉన్న అర దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. కొన్నప్పుడు పెట్టిన డబ్బు గుర్తొస్తుంది. ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేలదు.

ఆ సందేహమే ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చింది. మేకప్ పౌచ్ బోర్లించి, గడువు దాటినవన్నీ చెత్తబుట్టలో వేస్తున్న రీళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో తెగ తిరుగుతున్నాయి. ‘పాతవన్నీ పారేశా, నెలలో మొటిమలు తగ్గాయి’ అని చెప్పే అమ్మాయిలకు లక్షల్లో లైకులు. పారేయడం మంచిదే. కానీ ఆ రీళ్లు చూస్తుంటే ఒక భయం కలుగుతుంది. అందరి కళ్లూ తేదీ మీదే ఉన్నాయి. చర్మాన్ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసే ట్యూబు మాత్రం తేదీ దాటకుండా, మూత బిగించుకుని, అదే అరలో క్షేమంగా కూర్చుంటోంది.

అర ఎలా నిండుతుంది?

తార్నాక చౌరస్తా చుట్టూ ఉన్నది చదువుల బస్తీ. ఒకవైపు ఉస్మానియా, మరోవైపు జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడ దారిలో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ పరిశోధన సంస్థలు. వీధి వీధికీ లేడీస్ హాస్టళ్లు, పీజీలు. నల్లగొండ, ఖమ్మం, ఆదిలాబాద్, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు తొలిసారి సొంతంగా డబ్బు ఖర్చుపెట్టేది ఇక్కడే. ఇంట్లో అమ్మ పౌడరు డబ్బా తప్ప ఎరగని అమ్మాయికి ఇక్కడ రూమ్మేట్ బల్ల మీద క్లెన్సర్, టోనర్, సీరం, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ వరసగా కనిపిస్తాయి. మెట్రో మెట్లు దిగితే మెడికల్ షాపులు, ఫ్యాన్సీ దుకాణాలు. ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకు డెలివరీ.

‘రెండు కొంటే ఒకటి ఉచితం’ దగ్గర మొదలవుతుంది పోగు. షేడ్ కుదరని ఫౌండేషన్ ఆన్‌లైన్లో వస్తుంది, సీలు తీశాక వెనక్కి పోదు. ఫలానా నటి వాడుతోందని కొన్న సీరం వారానికే మంటపుట్టిస్తుంది, అయినా పారేయబుద్ధి కాదు. నెలనెలా ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లో మిగుల్చుకుని కొన్నది మరి. అందుకే ఈ అమ్మాయిలను దుబారా అని తిట్టడం అన్యాయం. పారేయలేకపోవడానికి పొదుపే కారణం. ఆ పొదుపు చర్మం మీదికి రాకుండా చూసుకోవాలన్నదే విషయం.

తేదీ దేనికి గుర్తు?

మన దేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తాయి. 2020 డిసెంబర్‌లో వీటికి ప్రత్యేకంగా కాస్మెటిక్స్ రూల్స్ వచ్చాయి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్, అందులో కలిపిన పదార్థాలు, ‘యూజ్ బిఫోర్’ నెల, సంవత్సరం లేబుల్ మీద ఉండాలి. దిగుమతి చేసుకున్న సరుకైతే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ ‘యూజ్ బిఫోర్’ తేదీ సీలు తీయని డబ్బాకు. మూత తీసిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. గాలి, వెలుతురు, వేలి మురికి, స్నానాల గది తేమ లోపలికి చేరడం మొదలవుతుంది. డబ్బా వెనక మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం, 24ఎం అన్న అంకెలు కొన్నింటి మీద కనిపిస్తాయి. తెరిచాక ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లు అని వాటి అర్థం. 30 నెలలకు మించి నిలవుండే సరుకు మీద ఈ గడువు తెలపాలని ఐరోపా దేశాల నిబంధన. మన దగ్గర అమ్మే చాలా బ్రాండ్ల మీదా ఈ బొమ్మ ఉంటోంది. అయితే డబ్బా తెరిచింది ఎప్పుడో గుర్తుంటేనే ఆ అంకె అక్కరకొస్తుంది. తెరిచిన రోజే మార్కర్ పెన్నుతో అడుగున తేదీ రాసుకుంటే ఆ చిక్కు ఉండదు.

పైగా ఇది హైదరాబాద్. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు. పడమటి కిటికీ పక్కన పెట్టిన సీసా, మధ్యాహ్నమంతా పార్కింగ్‌లో ఎండిన స్కూటీ డిక్కీలోని సన్‌స్క్రీన్ లేబుల్ మీదున్న తేదీ దాకా మంచిగా ఉంటాయన్న భరోసా లేదు. నూనె, నీరు కలిపి చిలికిన క్రీము వేడికి విరుగుతుంది. పైన నీళ్లలా తేలుతుంది, అడుగున ముద్ద మిగులుతుంది. అలాంటి సన్‌స్క్రీన్ ముఖమంతా సమానంగా పరుచుకోదు. పూసుకున్నామన్న ధీమాతో ఎండలోకి వెళ్తే నుదురు, చెంపలు కందిపోతాయి. కొన్ని సన్‌స్క్రీన్లలో వాడే ఆక్టోక్రిలీన్ అనే రసాయనం నిల్వ ఉండేకొద్దీ బెంజోఫెనోన్‌గా మారుతోందని ఫ్రాన్స్, అమెరికా శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించారు. పాత సన్‌స్క్రీన్ పారేయడానికి ఈ రెండు కారణాలూ చాలు.

సీసాలో పెరిగే సూక్ష్మజీవులు

నీరున్న చోట జీవం పెరుగుతుంది. క్రీములు, జెల్లులు, ద్రవరూపంలోని ఫౌండేషన్లలో నీరే ఎక్కువ. అందుకే పారాబెన్లు, ఫినాక్సీఇథనాల్ లాంటి నిల్వ పదార్థాలు కలుపుతారు. అవి కొంతకాలం కాపలా కాస్తాయి. వేలు ముంచిన ప్రతిసారీ కొత్త బాక్టీరియా చేరుతుంటే ఆ కాపలా బలహీనపడుతుంది. నిల్వ పదార్థాలు లేవని గొప్పగా చెప్పుకొని అమ్మే ‘నేచురల్’ సరుకుకీ, ఇంట్లో గీరి సీసాలో పోసుకున్న కలబంద గుజ్జుకీ ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మన నానమ్మలు సున్నిపిండిని పొడిగా దాచి, స్నానానికి ముందు కావలసినంతే తడిపి కలుపుకోవడంలో ఎంత తెలివి ఉందో ఇప్పుడు అర్థమవుతుంది. పొడిలో బాక్టీరియా పెరగదు.

బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడకంలో ఉన్న 467 సౌందర్య సాధనాలను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. లిప్‌స్టిక్, లిప్‌గ్లాస్, ఐలైనర్, మస్కారా, ఫౌండేషన్ అద్దుకునే స్పాంజి అన్నీ అందులో ఉన్నాయి. రకాన్ని బట్టి 70 నుంచి 90 శాతం దాకా బాక్టీరియాతో కలుషితమయ్యాయి. మలంలో కనిపించే ఈ-కొలై కూడా దొరికింది. అన్నిటిలోకీ అధ్వానం స్పాంజీలు. వాడేవాళ్లలో 93 శాతం మంది వాటిని ఎన్నడూ శుభ్రం చేయలేదు, 64 శాతం మంది నేల మీద పడేసి మళ్లీ వాడారు.

కంటి విషయంలో నిర్లక్ష్యం మరీ ప్రమాదం. మస్కారా బ్రష్ చివర కంటి గుడ్డుకు గీసుకుని, ఆ గాయంలోకి సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరి కార్నియా మీద పుండ్లు పడిన కేసులను అమెరికా కంటి వైద్యులు 1977లోనే వైద్య పత్రికకెక్కించారు. సూడోమోనాస్ చూపును తీసుకుపోగలదు. హాస్టల్ గదిలో మాత్రం ఒకే కాజల్ నలుగురి కళ్లు చుట్టి వస్తుంది. ఎంత ప్రేమగా ఇచ్చినా, ఎంత ప్రాణస్నేహితురాలైనా కాజల్, మస్కారా, లిప్‌స్టిక్ పంచుకోకూడదు. వానాకాలం మొదలై కండ్లకలక వచ్చిందంటే, తగ్గాక ఆ సమయంలో వాడిన కంటి సామాను మొత్తం పారేయాలి. ఎండిపోయిన మస్కారాలో నీళ్లో, ఉమ్మో కలిపి తడిపే అలవాటు కొందరికి ఉంది. చేతులారా జబ్బు తెచ్చుకోవడమే అది.

---

తెరిచాక ఎన్నాళ్లు?
*(కంపెనీలు, చర్మవైద్యులు సాధారణంగా చెప్పే గడువులు)*

మస్కారా, లిక్విడ్ ఐలైనర్: 3 నెలలు. ఎంత ఖరీదైనదైనా ఆరు నెలలు దాటనివ్వద్దు.

లిక్విడ్ ఫౌండేషన్, కన్సీలర్: 6 నెలల నుంచి ఏడాది.

లిప్‌స్టిక్: ఏడాది నుంచి ఏడాదిన్నర. పైన చెమట బిందువుల్లా నూనె తేలినా, వాసన మారినా గడువు చూడక్కర్లేదు.

పౌడరు, పొడి కాంపాక్ట్: రెండేళ్ల దాకా. తడి తగిలితే అప్పుడే.

విటమిన్ సి సీరం: గోధుమ రంగుకు మారితే పనిచేయదు.

స్పాంజి: వారానికోసారి సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మూడు నెలలకు మార్చాలి.

---

మొటిమ చుట్టూ తిరిగే గొలుసు

ఇరవై ఏళ్ల అమ్మాయికి మొటిమ వస్తే అది కనపడకుండా కన్సీలర్ పూస్తుంది. దానిమీద ఫౌండేషన్. రాత్రి అలసి కడగకుండానే పడుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోయి నాలుగు రోజుల్లో చిన్న చిన్న పొక్కులు చెంపల నిండా లేస్తాయి. వాటిని దాచడానికి ఇంకొంచెం మందంగా పూస్తుంది. సౌందర్య సాధనాల వల్లే వచ్చే ఈ మొటిమలకు ‘యాక్నె కాస్మెటికా’ అని 1972లో అమెరికా చర్మవైద్యులు క్లిగ్‌మన్, మిల్స్ పేరుపెట్టారు. యాభై ఏళ్లు దాటినా ఆ గొలుసు తెగలేదు.

పాతవి పారేశాక చర్మం తేటపడిందని రీళ్లలో చెప్పేవాళ్లలో చాలామందికి జరిగింది బహుశా ఇదే. చెడిపోయిన సరుకు పోవడం ఒక మేలు. పూసే పొరలు తగ్గడం అంతకంటే పెద్ద మేలు. మంచం కింద పది సీసాలు ఉన్న అమ్మాయి ఆ పదీ పారేసి కొత్తవి పది కొంటే ఒక్క మేలే దక్కుతుంది. ఘాటు లేని ఒక ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, పగటిపూట ఒక సన్‌స్క్రీన్. జబ్బేమీ లేని చర్మానికి రోజూ కావలసింది ఇంతే. మిగతాదంతా సరదా. సరదా తప్పు కాదు, పండక్కీ పెళ్లికీ ముచ్చటగా ముస్తాబవడం మన ఆడపిల్లలు ఎప్పుడూ చేసిందే. దాన్ని రోజువారీ అవసరమని నమ్మించడం మాత్రం తప్పు.

ఈ నమ్మకం ఇప్పుడు స్కూలు పిల్లల దాకా పాకింది. ముడతలు పోవడానికి పెద్దవాళ్లు వాడే రెటినాల్, ఆమ్లాల సీరంలు పన్నెండేళ్ల పిల్లలు పూసుకుని చర్మం మండించుకుంటున్నారని, స్వీడన్‌లో ఒక పెద్ద మందుల దుకాణాల సంస్థ 2024లో అలాంటివాటిని 15 ఏళ్లలోపు పిల్లలకు అమ్మడం ఆపింది. మన వీధి చివర దుకాణంలో వయసు అడిగేవాళ్లు లేరు. అడగాల్సింది అమ్మానాన్నలే.

తేదీ దాటకపోయినా..

తేదీ దాటకుండా అరలో కూర్చున్న ఆ ట్యూబు కథ ఎలా మొదలవుతుందో తార్నాకలో ఏ లేడీస్ హాస్టల్లో అడిగినా చెబుతారు. అక్క పెళ్లి కుదిరింది, రెండు నెలలే ఉంది. చెంపల మీద కాస్త మంగు. రూమ్మేట్ ఒక ట్యూబు పేరు చెప్పింది, లేదా మెడికల్ షాపులో కౌంటర్ దగ్గరున్న అబ్బాయే తీసిచ్చాడు. వంద రూపాయల లోపే. వారం తిరగకుండా ముఖం మెరిసింది. మొటిమలు అణిగాయి, రంగు తేలింది. పెళ్లిలో అందరూ ‘ఏం పూస్తున్నవ్?’ అని అడిగారు. ఆ పేరు ఇంకో పదిమందికి పాకింది.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. వాపును, ఎరుపును అణచడానికి వైద్యులు కొద్ది రోజులకు రాసే మందు. ముఖం మీద నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడుతుంది. సన్నటి ఎర్రని రక్తనాళాలు పైకి తేలుతాయి. చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మొటిమలు గుంపులుగా వస్తాయి. ఎండ తగిలితే కారం రాసినట్టు మంట. మానేస్తే ముఖం ఇంకా ఎర్రబడి వాచిపోతుంది కాబట్టి మళ్లీ పూస్తారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. మన దేశపు చర్మవైద్యులు దీనికి ‘స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం’ అన్న అర్థం వచ్చేలా ప్రత్యేకంగా పేరుపెట్టాల్సి వచ్చిందంటే ఎంతగా ముదిరిందో ఊహించవచ్చు. 2011లో భారతీయ చర్మవైద్యుల పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పలు నగరాల ఆసుపత్రుల్లో ముఖ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూసుకుంటున్నవాళ్లే. చాలామంది దాన్ని ఫెయిర్‌నెస్ క్రీమ్ అనుకునో, మొటిమల మందు అనుకునో వాడారు.

చర్మవైద్యుల సంఘం పట్టుదలగా పోరాడాక, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీది ఆ నిబంధన కౌంటర్ దాకా రాలేదన్నది అందరికీ తెలిసిన బాధ.

మీ అరలో ట్యూబు ఉంటే పేరు కింద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూయోసినోలోన్. ‘సోన్’, ‘సోల్’, ‘లోన్’ అని ముగిసే పేర్లు కనిపిస్తే అనుమానించండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అన్నవి కూడా పక్కనే ఉంటే అది మంగుకు వైద్యులు కొంతకాలం మాత్రమే రాసే మూడు మందుల మిశ్రమం. నెలల తరబడి వాడుతున్నవాళ్లు దీన్ని ఆవేశంగా చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకోవద్దు. ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమంటుంది, ఆ బాధ భరించలేక మళ్లీ కొనుక్కునేవాళ్లే ఎక్కువ. ఆ ట్యూబును చేత్తో పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పండి. తార్నాక నుంచి సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి ఎంతో దూరం లేదు. అక్కడ చర్మవ్యాధుల విభాగం ఉంది. మానడానికి నెలలు పట్టవచ్చు, అయినా మానవచ్చు.

మలప్పురం నేర్పిన పాఠం

స్టెరాయిడ్ చర్మంతో ఆగుతుంది అనుకుంటే, పాదరసం మూత్రపిండాల దాకా పోతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులకు ‘మెంబ్రేనస్ నెఫ్రోపతి’ అనే మూత్రపిండాల జబ్బుతో రోగులు వరసగా రావడం మొదలైంది. 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ దాకా వచ్చిన 22 మందిలో 15 మందికి అరుదైన ఒకే రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడటానికి క్రీములు వాడుతున్నవాళ్లే. వైద్యులు క్రీములు తెప్పించి పరీక్ష చేయిస్తే పాదరసం బయటపడింది. కేరళ ఔషధ నియంత్రణ విభాగం 2023లో ‘ఆపరేషన్ సౌందర్య’ పేరుతో దుకాణాల్లో సోదాలు చేసింది.

పాదరసం చర్మంలో మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. రంగు తేలుతుంది కాబట్టి పనిచేస్తోందనే అనిపిస్తుంది. 2020 నాటి మన నిబంధనల ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిలో పది లక్షల భాగాలకు 70, మిగతా వాటిలో అనుకోకుండా చేరినా ఒక భాగానికి మించకూడదు. ప్రపంచ దేశాల మినమాటా ఒప్పందం 2023 సమావేశంలో, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలు 2025 నాటికి పూర్తిగా పోవాలని తీర్మానించారు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబర్, పదార్థాల జాబితా లేని తెల్లబరిచే క్రీము ఎంత కొత్తదైనా అరలో ఉండకూడదు. విదేశాల నుంచి ఎవరో తెచ్చిచ్చారన్నది రక్షణ కాదు. కాళ్లవాపు, మూత్రంలో నురగ కనిపిస్తే పరీక్ష చేయించుకోవాలి, క్రీము సంగతి వైద్యులకు చెప్పాలి.

నల్లగా ఉన్న పిల్లను ‘చామనఛాయ’ అని సర్దిచెప్పే ఇళ్లు, ‘తెల్లగా, అందంగా’ అని మొదలయ్యే పెళ్లి ప్రకటనలు ఉన్నంతకాలం ఈ ట్యూబులు అమ్ముడుపోతూనే ఉంటాయి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. సంబంధాలు చూసేవాళ్ల మాటల్లోంచి ఆ పదం ఇంకా పోలేదు. ఎండలో నడిచి క్లాసుకు వెళ్లే అమ్మాయికి ఆ మెలనినే గొడుగు. దాన్ని పోగొట్టుకోవడానికి డబ్బు పెట్టమని చెప్పేవాళ్లను చూస్తే నిజంగా కోపం వస్తుంది.

---

కనురెప్పల రంగు.. ఒక చట్టం

1933లో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వచ్చింది. అందులో జుట్టు రంగుల్లో వాడే పారాఫినైలిన్‌డయమిన్ తరహా రసాయనం ఉంది. వాడిన కొందరు స్త్రీల కళ్లు పుండ్లయ్యాయి, చూపు పోయింది, ప్రాణనష్టమూ జరిగింది. అప్పటి చట్టంలో సౌందర్య సాధనాల మాటే లేదు. 1938లో అక్కడ కొత్త చట్టం రావడానికి ఈ ఘోరమూ ఒక కారణం. కనుబొమలకు, కనురెప్పలకు వాడితే చూపు పోవచ్చన్న హెచ్చరిక మన దేశంలో ఈ రసాయనమున్న జుట్టు రంగు డబ్బాల మీదా తప్పనిసరి. ‘బ్లాక్ హెన్నా’ పేరుతో చేతులకు పెట్టే నల్ల గోరింటలోనూ ఇది కలుపుతుంటారు. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు.

---

అమ్మల అరలోనూ..

అమ్మాయిల సంగతి ఇలా ఉంటే, ఇంట్లో అమ్మల డ్రెస్సింగ్ టేబుల్ అద్దం మీద అంటించిన స్టిక్కర్ బొట్లు ఉంటాయి. స్నానానికి ముందు తీసి అద్దానికి, బాత్‌రూమ్ టైలుకి అంటించి, తిరిగి నుదుటికి పెట్టుకోవడం అలవాటు. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మంలో రంగు కణాలను చంపుతుంది. బొట్టు పెట్టుకున్నచోటే తెల్లమచ్చ వస్తుంది. బొల్లి అనుకుని ఆ స్త్రీలు నలుగురిలోకి రావడం మానేస్తారు, ఇంట్లో మాటలు పడతారు. మచ్చ కనిపించగానే స్టిక్కర్ మానేసి వైద్యులకు చూపించుకుంటే కొందరికి రంగు తిరిగి వస్తుంది. కృత్రిమ రంగులు కలిపిన కుంకుమ వల్ల నుదుటిన, పాపిట్లో దురద, నల్లని మరకలు రావడాన్నీ మన దక్షిణాది వైద్యులు చాన్నాళ్ల కిందటే నమోదు చేశారు.

సుర్మా సంగతీ చెప్పుకోవాలి. సంప్రదాయ సుర్మాలో సీసపు ఖనిజం ఉంటుంది. పసిపిల్లల కళ్లకు పెడితే ఆ సీసం ఒంట్లోకి చేరి ఎదుగుదలను, మెదడును దెబ్బతీస్తుంది. చార్మినార్ చూడటానికి వెళ్లినప్పుడు ముచ్చటపడి కొన్న చిన్న వెండి సీసాను అలంకారంగా దాచుకోవచ్చు, బిడ్డ కంటికి మాత్రం వద్దు.

పక్క గోడ అవతల ఒక జవాబు

చర్మం బాగుండటానికి పూతలే చాలా? ఆ ప్రశ్నకు జవాబు ఉస్మానియా క్యాంపస్‌కు ఆనుకుని ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో ఉంది. విశ్వవిద్యాలయం మొదలైన 1918లోనే రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూర్‌లో ఈ సంస్థకు బీజం వేశారు. 1958లో అది హైదరాబాద్ వచ్చింది. దాని సారథుల్లో ఒకరైన డాక్టర్ సి.గోపాలన్ పుట్టిందీ 1918లోనే.

గోపాలన్ పనిచేసే రోజుల్లో దక్కన్‌లో పేదలకు జొన్నలే ఆధారం. వాళ్లలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ చుట్టూ చర్మం నల్లబడి, పగిలి, పొలుసులు రాలేది. విరేచనాలు, మతి చలించడం తరువాతి దశలు. గోపాలన్, ఆయన సహ పరిశోధకుడు శ్రీకాంతయ్య దీన్ని లోతుగా పరిశోధించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. దాని మీద తరువాత శాస్త్రవేత్తల మధ్య చర్చ చాలాకాలం నడిచింది. జొన్న తప్పేమీ లేదు. పప్పూ, పాలూ, ఆకుకూరా లేకుండా ఉత్త జొన్నతోనే పొట్ట నింపుకోవాల్సిన పేదరికానిదే తప్పు. అలాంటి ఒంట్లో లోపించేది నయాసిన్, అంటే బి3 విటమిన్.

ఇవాళ హాస్టల్ అమ్మాయి బల్ల మీద వందల రూపాయల సీరం సీసా మీద పెద్దక్షరాలతో ఉండే ‘నియాసినమైడ్’ ఆ బి3కే ఇంకో రూపం. పై పూతగా దానికి కొంత ప్రయోజనం ఉన్నమాట నిజం. కానీ టిఫిన్ మానేసి, మధ్యాహ్నం సమోసాతో సరిపెట్టుకుని, రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి, పొద్దున సీరం పూసుకుంటే చర్మం ఏం బాగుపడుతుంది? పల్లీలు, గుడ్డు, చేప, పప్పులు, చిరుధాన్యాలు కలిసిన భోజనంలో ఆ విటమిన్ చవగ్గా దొరుకుతుంది. రక్తహీనత మన ఆడపిల్లల్లో ఎంత ఎక్కువో ఎవరిని అడిగినా చెబుతారు. పాలిపోయిన ముఖాన్ని దాచడానికి బ్లష్ కొనే డబ్బుతో ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోమని ఈ అమ్మాయిలను చెయ్యిపట్టుకుని అడగాలనిపిస్తుంది.

ఎవరికీ ఇవ్వొద్దు

పారేయలేని మనసు కనిపెట్టిన మార్గం ఒకటి ఉంది. పనమ్మాయికి ఇచ్చేయడం. గడువు దాటిన క్రీము, వాడి వదిలేసిన లిప్‌స్టిక్, దుర్వాసన రాకముందే వదిలించుకోవాలనుకున్న లోషన్ కవర్లో వేసి ‘మీ పాపకు ఇవ్వు’ అంటారు. హాస్టల్లో ఊడ్చే అమ్మకూ అలాగే అందుతుంది. ఆ పాపకు కళ్లు ఎర్రబడితే, ముఖం కందితే ఆసుపత్రి ఖర్చు ఆ తల్లిదే, పోయేది ఆమె ఒకరోజు కూలే. మన ముఖానికి పనికిరానిది ఇంకొకరి ముఖానికీ పనికిరాదు. ఇవ్వాలనుకుంటే సీలు తీయని కొత్త సబ్బు ఇవ్వండి.

పారేసేటప్పుడు సింకులో, టాయిలెట్లో పోయకండి. క్రీమును పాత కాగితంలోకి పిండి, ఖాళీ సీసాను కడిగి పొడిచెత్తలో వేయాలి. నెయిల్ పాలిష్, దాన్ని చెరిపే ద్రవం నిప్పంటుకునేవి. మూత గట్టిగా బిగించి, విడిగా కట్టి, చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోవాళ్లకు చెప్పి ఇవ్వండి. పాదరసం అనుమానమున్న క్రీమును రెండు కవర్లలో మూటగట్టి ప్రమాదకర చెత్తగానే వేరుగా ఉంచాలి. బ్రాండ్ పేరున్న సీసా లేబుల్ చింపి, మూత విరిచి పారేయడం మరవొద్దు. ఖాళీ సీసాలు ఏరుకెళ్లి నకిలీ సరుకు నింపేవాళ్లకు మన అరే గోదాము కాకూడదు.

ఏదైనా పూసుకున్నాక దద్దుర్లు, వాపు, మంట వస్తే అన్నీ ఒకేసారి ఆపేయండి. స్టెరాయిడ్ క్రీము వాడుతుంటే మాత్రం అది ఆపే ముందు డాక్టరును అడగండి. ముఖాన్ని మంచినీళ్లతో కడిగి, వాడినవన్నీ, కాజల్ నుంచి షాంపూ దాకా, ఒక సంచిలో వేసుకుని ఓపీకి వెళ్లండి. ఏది కారణమో కనిపెట్టడానికి వైద్యులకు ఆ లేబుళ్లే ఆధారం. కొన్న బిల్లు, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. లైసెన్స్ నంబర్ లేని సరుకు అమ్ముతున్నా, చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీము చేతిలో పెడుతున్నా తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969. పనిదినాల్లో పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఎత్తుతారు.